బీరువాలోనే సియోల్

కొరియా పాప్ తారల వేషానికి కావలసిన సరుకు చాలావరకు ఇంట్లోనే ఉంది. అంగడికి పరిగెత్తే ముందు ఒకసారి పాత పెట్టె తెరవాలి, అంతే

2021 జనవరిలో అమెరికాలోని జూలియెన్స్ అనే వేలం సంస్థ ఏడు జతల బట్టలు అమ్మకానికి పెట్టింది. దక్షిణ కొరియా బృందం బీటీఎస్‌లోని ఏడుగురు కుర్రాళ్లు 2020 నాటి 'డైనమైట్' వీడియోలో వేసుకున్నవి అవి. మహా అయితే 40 వేల డాలర్లు పలుకుతాయని నిర్వాహకులు అంచనా వేశారు. చివరికి 1,62,500 డాలర్లకు పోయాయి. సొమ్ము సేవా కార్యక్రమాలకే వెళ్లిందనుకోండి. ఇంతకీ ఆ మూటలో ఉన్నదేమిటి? లేత రంగుల కోట్లు, వెడల్పు కాలరు చొక్కాలు, కింద కాస్త విచ్చుకున్న ప్యాంట్లు. అచ్చంగా 1970ల నాటి డిస్కో ఫ్యాషన్. 1978లో పెళ్లయిన ఏ బ్యాంకు ఉద్యోగి ఆల్బం తిరగేసినా అదే కాలరు, అదే ప్యాంటు కనిపిస్తాయి. ఆ ఫొటోలు నలుపు తెలుపుల్లో ఉండటం ఒక్కటే తేడా.

అభిమాన తార వేసుకున్నది తామూ వేసుకోవాలనుకోవడం కొత్తేమీ కాదు. ఒకప్పుడు సినిమా హాలు నుంచి బయటికొచ్చిన కుర్రాడు నేరుగా టైలరు దగ్గరికెళ్లి "అన్నా, ఆ సినిమాలో హీరో వేసిన ప్యాంటులా కుట్టు" అని చెప్పేవాడు. టైలరన్న కూడా ఆ సినిమా చూసే ఉండేవాడు కాబట్టి పేచీ ఉండేది కాదు. ఇప్పుడు ఆ పని ఫోనులో వేలితో జరిగిపోతోంది. మూడు రోజుల్లో పొట్లం ఇంటికొస్తుంది. అందులోని పాలిస్టర్ చొక్కా ఒక కళాశాల వార్షికోత్సవం, రెండు ఫొటోలు చూసి బీరువా అట్టడుక్కి చేరుతుంది. కొరియా పాప్ వేషం ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ కొనుగోలులో సగం అనవసరమని అర్థమవుతుంది.

కొరియాలో ఒక పాట విడుదలైందంటే బృందం టీవీ సంగీత కార్యక్రమాల చుట్టూ తిరగాలి. గురువారం ఎం నెట్‌లో 'ఎం కౌంట్‌డౌన్', శుక్రవారం కేబీఎస్‌లో 'మ్యూజిక్ బ్యాంక్', శనివారం ఎంబీసీలో 'మ్యూజిక్ కోర్', ఆదివారం ఎస్‌బీఎస్‌లో 'ఇంకిగాయో'. పాట ఒకటే, నృత్యం ఒకటే. దుస్తులు మాత్రం వేదికకో రకం. ఈ తంతు రెండు మూడు వారాలు సాగితే ఒకే పాటకు పది రకాల వేషాలు తేలతాయి. వీడియోలోవి వీటికి అదనం. అంటే అభిమాని 'ఆ పాట డ్రెస్' అని వెతికే వస్తువు నిజానికి ఒక్కటి కాదు. మారకుండా ఉండేది సూత్రమే. రంగుల మేళవింపు, పైబట్టకూ కిందబట్టకూ ఉండే కొలతల పొంతన, ఒకటో రెండో అలంకారాలు. ఈ మూడూ పట్టుకుంటే మిగిలినదంతా స్టైలిస్టుల చేతివాటం. వాళ్లు చేసేదీ వింత పనేం కాదు. ఖరీదైన కంపెనీ కోటును, అంగట్లో దొరికిన మామూలు టీషర్టును పక్కపక్కన పెడతారు. పొడవున్నదాన్ని కత్తిరిస్తారు, వదులున్నదాన్ని బిగిస్తారు. చేతులు తీసేసి బెల్టు తగిలిస్తారు. నలుగురికి నాలుగు రకాలు వేసినా దూరం నుంచి ఒకే కుటుంబంలా కనిపించేట్టు చూస్తారు.

దీనికి కొరియన్లు వాడే మాట 'రిఫార్మ్'. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదే అయినా అక్కడ దాని అర్థం వేరు. పాత బట్టను విప్పి, మార్చి, మళ్లీ కుట్టడాన్ని రిఫార్మ్ అంటారు. మన వీధి చివర ఆల్టరేషన్ దర్జీ చేసేది అదే, బోర్డు మీద అంత గొప్ప పేరు రాసుకోడు. ఈ రిఫార్మ్ ఒకసారి కోర్టుకెక్కింది కూడా. సియోల్‌లో ఒక దుకాణదారు ఖాతాదారులు తెచ్చిన పాత లూయీ విటాన్ సంచులను విప్పి కొత్త సంచులు, పర్సులు కుట్టిచ్చేవాడు. కంపెనీ దావా వేసింది. 2023లో కోర్టు కోటిన్నర వాన్‌లు కట్టమంది. 2024లో పేటెంట్ కోర్టూ దాన్నే సమర్థించడంతో వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డబ్బు పెట్టి కొనుక్కున్న సంచిని కత్తిరించే హక్కు కొన్నవాడికుందా లేదా అన్న మీమాంస ఫ్యాషన్ దేశంలోనే పుట్టడంలో ఆశ్చర్యమేముంది? నాన్న పాత చొక్కా విషయంలో ఆ బెడద లేదు. నాన్న ఒప్పుకుంటే చాలు.

వేషాల్లో మార్పులు చూస్తే ఎక్కడికక్కడ ఇంటి సరుకు గుర్తుకొస్తుంది. 1992లో సియో తైజీ అండ్ బాయ్స్ అనే ముగ్గురు కుర్రాళ్లు అమెరికా హిప్‌హాప్ తరహా జారుడు ప్యాంట్లు, పెద్ద చొక్కాలు వేసుకుని టీవీలోకి వచ్చారు. ధర చీటీ కూడా తీయకుండా వేసుకోవడం వాళ్ల దగ్గరే మొదలైంది. పెద్దవాళ్లకు ఒళ్లు మండింది. వారి కోపానికి నేపథ్యం ఉంది. 1973లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం చట్టం సవరించి పొట్టి స్కర్టును, పొడుగు జుట్టును నేరం చేసింది. పోలీసులు స్కేలు పట్టుకుని వీధిలో అమ్మాయిల స్కర్టులు కొలిచేవారు. కత్తెరతో అబ్బాయిల జుట్టు కత్తిరించేవారు. ఇవాళ ప్రపంచమంతా అనుకరిస్తున్న అల్లరి వేషానికి వెనుక ఆ స్కేలు ఉందన్నది మరచిపోకూడదు.

2013లో వచ్చిన బీటీఎస్ తొలి ఆల్బంలకు బడిని ఇతివృత్తంగా తీసుకుంది. టై, బ్లేజరు, తెల్లచొక్కా వారి దుస్తుల్లోకీ వచ్చాయి. కొరియాలో బడి యూనిఫారాన్ని 1983లో ఎత్తేసి, 1986 నుంచి పాఠశాలల ఇష్టానికి వదిలేశారు. అది మళ్లీ బడుల్లోకి రావడమే కాక పాప్ వేదిక కూడా ఎక్కింది. 2022 డిసెంబరులో న్యూజీన్స్ బృందం 'డిట్టో' వీడియోలోనూ అదే యూనిఫారం. ఈ వేషం కోసం భారతీయ విద్యార్థి పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. కుచ్చుల స్కర్టు, తెల్లచొక్కా, చేతుల్లేని ఉన్ని స్వెట్టరు, ఎలాస్టిక్ టై, మోకాలి కిందిదాకా సాక్సులు. పదో తరగతితో పాటే మూలన పడ్డ ఈ సామగ్రి ప్రతి ఇంట్లోనూ ఉంది. టై ముడి రెండంగుళాలు కిందికి జార్చి, చొక్కా ఒక కొస మాత్రం స్కర్టులో దోపి, స్వెట్టరు మీద పాత సంచి గొలుసు ఒకటి వేలాడదీస్తే చాలు. హెడ్‌మాస్టరు గారు చూస్తే బయట నిలబెట్టే అవతారమే ఇక్కడ కావలసింది.

మరో సంగతి. రెండు మూడేళ్లుగా చెన్నై నుంచి ఢిల్లీ సరోజినీ నగర్ దాకా బట్టల బజార్లలో 'కొరియన్ ప్యాంట్' అని అరుస్తున్నారు. నడుము దగ్గర రెండు మూడు కుచ్చులు, తొడల దగ్గర వదులు, కింద నేలను తాకే వెడల్పు. 1990ల తొలినాళ్ల తెలుగు సినిమాల్లో హీరోలు వేసింది ఇదే. అప్పట్లో ఉద్యోగంలో చేరిన ప్రతి యువకుడూ కనీసం రెండు కుట్టించుకున్నదీ ఇదే. దానికప్పుడు దేశం పేరు లేదు, బ్యాగీ అనేవారు. అటక మీది ట్రంకుపెట్టెలో నాఫ్తలిన్ వాసన వేస్తూ పడి ఉన్నవాటిని దించితే, బజారు పాలిస్టరు కన్నా మేలైన బట్టే బయటపడుతుంది. నడుము నాలుగంగుళాలు ఎక్కువైతే వెనక రెండు మడతలు పెట్టి, లోపలి వైపు నుంచి పిన్నీసులు గుచ్చి, పైన బెల్టు కడితే సరిపోతుంది. పొడవు ఎక్కువైతే కత్తెర అక్కర్లేదు. లోపలికి మడిచి కచ్చా కుట్లు వేసుకుంటే పని పూర్తయ్యాక విప్పేసి పెట్టెలో పెట్టేయొచ్చు.

పైన ఏం వేయాలన్నదానికి ఒక్కటే లెక్క. కింద వదులైతే పైన పొట్టి, పైన వదులైతే కింద పొట్టి. కొరియా బృందాల దుస్తుల్లో ముప్పాతిక వంతు ఈ లెక్కలోనే ఇమిడిపోతాయి. పొట్టి టాపు కోసం టీషర్టును కోయనక్కర్లేదు. పక్కటెముకల కింద, టీషర్టు మీదుగా వెడల్పు ఎలాస్టిక్ పట్టీ పెట్టుకుని, మిగిలిన బట్టను పైకెత్తి ఆ పట్టీలోకి దోపితే పొట్టి టాపు సిద్ధం. పాత సాక్సుల పాదం భాగం తీసేస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా తొడుగులవుతాయి. వీటినే దుకాణాల్లో అందమైన పేర్లతో అమ్ముతున్నారు. ఇక మన ఇళ్లలో రెడీమేడ్‌గా ఉన్న పొట్టి జాకెట్టు సంగతి ఎవరికీ తట్టదు. అమ్మ చీర మీదికి కుట్టించుకున్న జాకెట్టును తెల్ల చొక్కా మీద వేసుకుని, ముందు హుక్కులు రెండు వదిలేసి చూడాలి. కొరియా వేదికల మీద చొక్కాల పైన వేసే బిగుతు కోటుకు అంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు.

ఈ పోలిక ఊరికే కాదు. కొరియా సంప్రదాయ దుస్తులు హన్‌బోక్‌లో ఆడవారిది రెండు ముక్కల అమరిక. పైన చియోగొరి అనే పొట్టి జాకెట్టు, కింద ఛాతీ మీదినుంచి దిగే చిమా అనే కుచ్చుల పావడా. లంగా జాకెట్టు తెలిసిన తెలుగువారికి దీన్ని విడమరచి చెప్పాల్సిన పనిలేదు. 2020 జూన్‌లో బ్లాక్‌పింక్ 'హౌ యూ లైక్ దట్' వీడియోలో నలుగురమ్మాయిలు ఈ హన్‌బోక్‌ను ముక్కలు చేసి కట్టుకొచ్చారు. వారిలో జెన్నీ వేసుకున్న గులాబీ రంగు జాకెట్టు దాన్‌హా అనే చిన్న సంస్థది. పూర్వం మగవాళ్లు వేసుకునే దోపో అనే పొడవాటి అంగీ దానికి మాతృక. తాతల అంగరఖాను మనవరాలు పొట్టి కోటు చేసుకుందన్నమాట. అంతకు ముందు ఏడాది బీటీఎస్‌లోని జంగ్‌కుక్ విమానాశ్రయంలో వదులైన ఇంటి హన్‌బోక్‌లో కనిపించాడు. ముడి వేసుకునే చొక్కా, జారుడు పైజామా. లాల్చీ పైజామాలో ఊరంతా తిరిగిన తరం అది చూసి ఇందులో విశేషమేముందని అడిగితే జవాబు చెప్పడం కష్టం.

దీన్ని అనుకరించాలంటే 'హన్‌బోక్ స్టైల్' అని చీటీ అంటించిన గౌను తెప్పించుకోవడం ఒక దారి. బ్లాక్‌పింక్ దర్జీలు చేసిన పనినే చేయడం రెండోది. అంటే ఇంట్లోని పాత సంప్రదాయ వస్త్రాన్ని తీసుకుని దాని క్రమాన్ని మార్చడం. పట్టు ఓణీని నడుముకు వెడల్పుగా చుట్టి వెనక ముడేస్తే, కింద నల్ల ప్యాంటు ఉన్నా సరే, పైభాగానికి ఆ ఠీవి వస్తుంది. లంగాను నడుము దగ్గర కాక ఛాతీ కింద కట్టి పైన పొట్టి చొక్కా వేస్తే చిమా రూపం వచ్చేస్తుంది. కాకపోతే ఒక హెచ్చరిక. అమ్మమ్మ పట్టుచీర అంచుకు కత్తెర తగిలిందంటే ఆ ఇంట్లో రెండో ప్రపంచయుద్ధం తిరిగి మొదలవుతుంది. పాత జరీ మడత దగ్గర పగులుతుంది, పిన్నీసుకు చిరుగుతుంది. దాన్ని చుట్టుకోవచ్చు, మడవొచ్చు. గుచ్చకూడదు, కోయకూడదు.

ఈ విద్య దేశంలో ముందుగా పట్టుబడింది మహానగరాల పిల్లలకు కాదు. 2000లో మణిపూర్‌లో రివల్యూషనరీ పీపుల్స్ ఫ్రంట్ అనే తీవ్రవాద సంస్థ హిందీ సినిమాలను నిషేధించింది. థియేటర్లు, కేబుల్ ఆపరేటర్లు తలవంచక తప్పలేదు. ఆ ఖాళీలోకి అరిరాంగ్ అనే కొరియా టీవీ చానల్, సరిహద్దు దాటి వచ్చిన సీడీలు చొరబడ్డాయి. ముంబైకి, హైదరాబాద్‌కు కొరియా అంటే కార్లు, ఫ్రిజ్‌లు మాత్రమే అయిన రోజుల్లోనే ఇంఫాల్ కుర్రకారు కొరియా జుట్టు, కొరియా జాకెట్లతో తిరిగారు. అప్పుడు ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు లేవు. సీరియల్లో చూసిందాన్ని బజారులో దొరికినదానితో, పాత బట్టల గుట్టల్లో ఏరినదానితో సరిపెట్టుకున్నారు. 2023 ఆగస్టు 15న చురాచాంద్‌పూర్‌లో హమర్ విద్యార్థి సంఘం హిందీ సినిమాను బహిరంగంగా ప్రదర్శించడం రెండు దశాబ్దాల పైచిలుకులో తొలిసారి. అన్నేళ్లలో అక్కడ ఒక తరం ఫ్యాషన్ పాఠం నేర్చేసుకుంది. అదే ఈశాన్య యువత ఢిల్లీకి, బెంగళూరుకు చదువుకొస్తే వారి వేషాన్ని ఎగతాళి చేసిన వీధులే ఇప్పుడు ఆ ప్యాంట్లను కొరియా పేరుతో అమ్ముకుంటున్నాయి.

అదే పాత గుట్టల సంగతి సియోల్‌లోనూ ఉంది. దోంగ్‌మ్యో అనే పేటలో పాతబట్టలు నేల మీద గుట్టలుగా పోసి అమ్ముతారు. చాలాకాలం అక్కడికి వచ్చేది ముసలివారే. 2013లో 'ఇన్ఫినిట్ చాలెంజ్' టీవీ కార్యక్రమం కోసం బిగ్‌బ్యాంగ్ బృందం గాయకుడు జీ డ్రాగన్ హాస్యనటుడు చియాంగ్ హ్యోంగ్ దోన్‌తో కలిసి ఆ గుట్టల్లో బట్టలేరాడు. షనెల్ ప్రదర్శనల్లో ముందు వరుసలో కూర్చునే మనిషి. అప్పటినుంచి కుర్రకారూ ఆ దారి పట్టింది.

కొత్తవి కొనే దారి ఎక్కడినుంచి వస్తుందో కూడా చూడాలి. సియోల్‌లో తోంగ్‌దేమున్ బజారు రాత్రంతా తెరిచే ఉంటుంది. టోకు బేరాలన్నీ అర్ధరాత్రే. తెర మీద కనిపించిన నమూనా కొద్ది రోజుల్లోనే అక్కడి కొక్కేలకు వేలాడుతుంది. ఆ వేగానికి ఒక చరిత్ర ఉంది. ఆ చుట్టుపక్కల ప్యోంగ్‌హ్వా బజారులో 1960లలో పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్లలు నిటారుగా నిలబడేందుకు వీల్లేని అటక గదుల్లో రోజుకు 14 గంటలు కుట్టుపని చేసేవారు. 1970 నవంబరు 13న అక్కడి దర్జీ చోన్ తే ఇల్ కార్మిక చట్టం అమలు చేయమంటూ ఒంటికి నిప్పంటించుకున్నాడు. అతనికప్పుడు 22 ఏళ్లు. కాలవ వంతెన మీద ఇప్పుడు అతని విగ్రహం ఉంది. కొరియాలో జీతాలు పెరిగాక చౌక కుట్టుపని చైనాకు, వియత్నాంకు, బంగ్లాదేశ్‌కు తరలింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివార్లలో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయింది ఈ చౌక బట్టలు కుడుతూనే. అభిమాని కొనే ప్రతి చొక్కా వెనుకా ఇంత విషాదం ఉందని కాదు. కానీ ఒక పాట కోసం, ఒక సాయంత్రం కోసం కొన్న బట్ట 400 రూపాయలకే ఎలా వస్తోందన్న ప్రశ్నకు జవాబు ఎక్కడో ఒక కుట్టుమిషను దగ్గరే దొరుకుతుంది. ఆ చొక్కా చివరికి చేరే చోటు పానిపట్. దేశదేశాల పాత బట్టలను చింపి, ఏకి, మళ్లీ నూలు వడికే ఊరది. అక్కడ కూడా ఉన్నికున్న గిరాకీ ఒక సాయంత్రపు పాలిస్టరుకు లేదు.

అనుకరణను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. ఒకరి వేషాన్ని మక్కికి మక్కి దించడాన్ని కొరియా యువత 'సోన్ మిన్ సు' చేయడం అంటారు. 'చీజ్ ఇన్ ద ట్రాప్' అనే బొమ్మల కథలో నాయిక జుట్టును, బట్టలను అచ్చంగా అనుకరించే పాత్ర పేరది. కథలో అది కాస్త భయపెట్టే గుణం. వాడుకలో మాత్రం సరదా మాటైపోయింది. అభిమానులు ఏమాత్రం సిగ్గుపడకుండా తాము ఫలానా గాయనిని సోన్ మిన్ సు చేశామంటారు. అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. తార బట్టలతో పాటు తార నడుమును కూడా దించబోవడం. కొరియా బృందాల్లో కడుపు మాడ్చుకునే శిక్షణ సంగతి ఆ తారలే పలుమార్లు చెప్పారు. అనుకరణకు అది పనికిరాదు. కొనుక్కున్న రెడీమేడ్ దుస్తులు ఒంటిని వాటి కొలతకు తగ్గమంటాయి. ఇంట్లో కుట్లు విప్పి వేసుకున్నవి ఒంటి కొలతకు వస్తాయి. బొద్దుగా ఉన్నవారికి వదులు ప్యాంటు, అన్నయ్య చొక్కా ఎలాగూ ఉండనే ఉన్నాయి.

కొన్నింటిని వదిలేయడమే మేలు. షనెల్ ముద్ర ఉన్న నకిలీ బెల్టు దూరం నుంచే నకిలీ అని తెలిసిపోతుంది. తోలు పటకాలు, మెరుపు రాళ్లు కుట్టిన కోట్లు ఇంట్లో రావు. రాకపోయినా నష్టం లేదు. బృందంగా ఆడేవారికి ఇంకా సులువైన ఉపాయముంది. అయిదుగురూ ఒకేలాంటివి వెతకడం మానేసి, అందరి దగ్గరా ఉన్న ఒక రంగును పునాదిగా పెట్టుకోవాలి. నల్ల ప్యాంటు లేని ఇల్లు అరుదు. రెండో రంగు ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కో చోట కనిపించాలి. ఒకరికి చొక్కా, ఒకరికి నడుముకు చుట్టిన చున్నీ, ఒకరికి టై, ఒకరికి సాక్సులు. 2012లో ఢిల్లీలో కొరియా సాంస్కృతిక కేంద్రం వచ్చాక దేశంలో ఈ నృత్య పోటీలు ఊరూరా పాకాయి. జేబు ఖర్చుతో నడిచే కళాశాల బృందాలకు ఈ రెండు రంగుల లెక్క చాలు.

అబ్బాయిలకు అమ్మ సొరుగు కూడా తెరవాల్సి రావచ్చు. ముత్యాల దండ, చీర పిన్ను, ఒక చెవికి నొక్కుడు పోగు కొరియా కుర్రాళ్లు వేసుకుంటున్నవే. నాన్న కనుబొమలు కాస్త పైకి లేస్తాయి. 1978 ఆల్బంలో ఆయన చొక్కా మీది పూలను చూపిస్తే కిందికి దిగుతాయి.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకుంటే సరిపోదు, ఒకసారి పాట పెట్టి ఆడి చూడాలి. స్కర్టు కింద నల్ల నిక్కరు తప్పనిసరి. పిన్నీసులను బట్ట లోపలి వైపునుంచి, అడ్డంగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే చేయెత్తినప్పుడల్లా లాగి ఊడిపోతాయి. చున్నీ ముడి మీద రెండు కుట్లు వేసుకోవాలి. పాత ముదురు రంగు చొక్కాను తెల్లవాటితో కలిపి నానబెట్టకూడదు. అడిగి తెచ్చుకున్నవాటిని కచ్చా కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, అడక్కముందే తిరిగిచ్చేయాలి. వచ్చే పాటకు మళ్లీ అవే కావాలి మరి.